క్యాంపస్‌లో ఫైబర్ కేబుల్ వేసే ముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంజనీరింగ్ కాలేజీలు, ఆస్పత్రులు, గేటెడ్ కమ్యూనిటీలు, పెద్ద మిల్లులు: ఎక్కడైనా నాలుగైదు బిల్డింగులు ఉంటే వాటిని నెట్‌వర్క్‌తో కలపడానికి ఫైబర్ (గాజు పోగుల గుండా వెలుగుతో డేటా పంపే కేబుల్) తప్పదు. అలాంటి చోట్ల పని చూసుకునేవాళ్లు అడిగే ప్రశ్నలివి. ఉదాహరణకు ఒక కాలేజీని అనుకుందాం. సర్వర్ గది మెయిన్ బ్లాకులో ఉంది. లైబ్రరీ 180 మీటర్ల దూరం, బాయ్స్ హాస్టల్ 700 మీటర్ల దూరం. నేల నల్లరేగడి. లెక్కలన్నీ ఈ కాలేజీకే వేస్తాను, మీ దూరాలు పెట్టి మీరు మార్చుకోండి.

బ్లాకుల మధ్య క్యాట్‌6 కేబుల్ లాగితే సరిపోదా? ఖర్చు తక్కువ కదా.

క్యాట్‌6 లాంటి రాగి ఈథర్‌నెట్ హద్దు 100 మీటర్లు. రెండు చివర్లా తగిలించే పొట్టి ప్యాచ్ కార్డులూ అందులోకే వస్తాయి. కాబట్టి లైబ్రరీకే అందదు, హాస్టల్ మాట చెప్పనక్కర్లేదు.

దూరం 60 మీటర్లే అయినా రెండు వేర్వేరు బిల్డింగుల మధ్య రాగి వద్దనే చెబుతాను. ఒక్కో బిల్డింగుకు ఒక్కో ఎర్తింగ్ ఉంటుంది. దగ్గర్లో పిడుగు పడితే రెండు ఎర్తుల మధ్య వోల్టేజీ తేడా ఆ క్యాట్‌6 మీదుగా పారి నెట్‌వర్క్ స్విచ్ పోర్టులను కాల్చేస్తుంది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఉరుములు, మెరుపులతో వచ్చే వానలకు స్విచ్‌లు పోవడం వెనక చాలాసార్లు ఇదే కారణం. ఫైబర్‌లో ఉండేది గాజు. కరెంటు దాని గుండా పారదు.

ప్లాన్ ఎక్కడ మొదలుపెట్టాలి? ముందు స్విచ్‌లు ఎంచుకోవాలా, కేబులా?

రెండూ కాదు, ముందు దారి. స్విచ్‌లు ఆరేడేళ్లకు మారుస్తారు. స్విచ్‌లో గుచ్చి ఫైబర్ తగిలించే ఎస్ఎఫ్‌పి మాడ్యూల్ మార్చడం అయిదు నిమిషాల పని. నేల తవ్వి, పైపు వేసి, పూడ్చి, పైన రోడ్డు వేశాక మాత్రం ఇరవై ఏళ్లు దాని జోలికి వెళ్లలేరు. కాబట్టి బుర్ర, డబ్బు ఎక్కువగా పెట్టాల్సింది తవ్వే దారి మీద.

కొలిచే చక్రం పట్టుకుని సర్వర్ గది నుంచి హాస్టల్ దాకా నడవండి. వెంట క్యాంపస్ ఎలక్ట్రీషియన్‌నీ, ప్లంబర్‌నీ, కుదిరితే ఎన్నాళ్లుగానో పనిచేస్తున్న తోటమాలినీ తీసుకెళ్లండి. డ్రైనేజీ లైను ఎక్కడుంది, బోరు పైపు ఎటు పోతోంది, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి కేబుల్ ఏ వైపు వేశారు, సెప్టిక్ ట్యాంకు మూత ఏ గడ్డి కింద ఉంది: ఇవేవీ బ్లూప్రింట్‌లో సరిగా ఉండవు, వాళ్లకు మాత్రం నోటికి తెలుసు. రాబోయే అయిదేళ్లలో కొత్త బ్లాకు ఎక్కడ కడతారో ప్రిన్సిపాల్‌ని అడగండి. రేపు పునాది తీసే చోట ఈరోజు పైపు వేయకూడదు.

700 మీటర్ల దూరానికి ఎంత కేబుల్ కొనాలి?

నేల మీద కొలత 700. రెండు చివర్లా గోడ ఎక్కి, ట్రంకింగ్‌లో (గోడ మీది కేబుల్ గొట్టంలో) తిరిగి స్విచ్‌లు బిగించే రాక్ చేరడానికి ఇరవై చొప్పున 40. రెండు చివర్లా అదనంగా చుట్టి ఉంచే లూపు పదిహేను చొప్పున 30. సుమారు 100 మీటర్లకో చాంబర్ (పైపు దారిలో మూత ఉన్న గుంత) పెడితే మధ్యలో ఆరు వస్తాయి. వాటిలో చాంబర్ విడిచి చాంబర్‌లో పది మీటర్ల లూపు వదిలితే ఇంకో 30. మొత్తం 800. పైపులో కేబుల్ తిన్నగా ఉండదు, మెలికలు పడుతుంది. దానికి 5 శాతం కలిపి 840 మీటర్లు ఆర్డర్ పెట్టండి.

లూపులు దండగని కాంట్రాక్టర్ అంటే ఒప్పుకోకండి. రేపు కేబుల్ తెగినప్పుడు ఆ లూపును జరిపి ఒకే జాయింట్‌తో పని ముగించొచ్చు. లూపు లేకపోతే మధ్యలో కొత్త ముక్క వేసి రెండు జాయింట్లు చేయాలి. దారి మధ్యలో జాయింట్ రాకుండా ఒకే ముక్కగా వేయగలిగితే మరీ మంచిది. ఇంత దూరానికి అది సాధ్యమే.

సింగిల్ మోడా, మల్టీ మోడా?

సింగిల్ మోడ్ పోగులో వెలుగు పోయే దారి చాలా సన్నం, అందుకే దూరం పోతుంది. మల్టీ మోడ్‌లో ఆ దారి వెడల్పు, దూరం తక్కువ. బిల్డింగుల మధ్య సింగిల్ మోడ్. ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు.

10 గిగాబిట్ వేగానికి ఓఎం3 రకం మల్టీ మోడ్ 300 మీటర్లు, దానికంటే మెరుగైన ఓఎం4 అయితే 400 మీటర్లు పనిచేస్తుంది. మన హాస్టల్ దాకా రెండూ అందవు. లైబ్రరీకి ఈరోజు అందుతుంది కానీ, రేపు 100 గిగాబిట్ కావాలంటే తక్కువ దూరానికి చేసిన ఎస్ఆర్4 మాడ్యూల్‌తో ఓఎం4 మీద 100 మీటర్లే వస్తుంది. సింగిల్ మోడ్‌లో ఎక్కువ దూరానికి చేసిన ఎల్ఆర్ మాడ్యూల్ 10 కిలోమీటర్లు పోతుంది. వేగం పెంచాలంటే రెండు చివర్లా మాడ్యూళ్లు మారిస్తే చాలు, గాజు అదే ఉంటుంది.

ఒకప్పుడు సింగిల్ మోడ్ ఎస్ఎఫ్‌పిల ధర చూసి టెన్షన్ పడేవాళ్లు. ఇప్పుడు ఆ తేడా బాగా తగ్గింది. కేబుల్ వరకు చూస్తే ఓఎం4 కంటే సింగిల్ మోడే చవక. ఒకే సర్వర్ గదిలో రాక్ నుంచి రాక్‌కు అయితే మల్టీ మోడ్ వాడుకోవచ్చు.

ప్యాచ్ కార్డుల రంగు చూసి పోల్చుకోవచ్చు: సింగిల్ మోడ్ పసుపు, ఓఎం3 నీలిపచ్చ, పాత 62.5 మైక్రాన్ మల్టీ మోడ్ నారింజ. బయట వేసే కేబుల్ ఏ రకమైనా నల్లగానే ఉంటుంది, దాని మీద అచ్చు చదవాలి. సింగిల్ మోడ్ లింకు మధ్యలో మల్టీ మోడ్ ప్యాచ్ కార్డు పెడితే లింకు రాదు, లేదా వచ్చి పోతుంటుంది.

ఎన్ని కోర్ల కేబుల్ తీసుకోవాలి?

కేబుల్‌లోని ఒక్కో గాజు పోగునే కోర్ అంటారు. ఒక లింకుకు రెండు పోగులు కావాలి, పంపడానికి ఒకటి, అందుకోవడానికి ఒకటి. బైడై మాడ్యూళ్లయితే ఒకే పోగు మీద రెండు వైపులా వెళ్తాయి. అందుకని చాలామంది 6 కోర్ చాలంటారు. నేనైతే చిన్న బ్లాకుకు 12, హాస్టల్ లాంటి పెద్ద చోటుకు 24 వేయమంటాను. సీసీటీవీకి విడి లింకు, బయోమెట్రిక్‌కు ఒకటి, రెండో స్విచ్‌కు బ్యాకప్ జత, రేపు ఏ టెలికాం కంపెనీయో టవర్‌కో, ఇన్‌బిల్డింగ్ యాంటెన్నాలకో పోగులు అడిగితే వాళ్లకో జత: లెక్క వేస్తే 12 త్వరగానే నిండుతుంది. తవ్వకం, పైపు, కూలీ ఖర్చు రెంటికీ ఒకటే. 6 కోర్‌కూ 24 కోర్‌కూ మధ్య తేడా ఆ మొత్తం బిల్లులో చాలా చిన్నది.

ఇంకో మాట. కొన్న కోర్లన్నీ రెండు చివర్లా స్ప్లైస్ చేయించండి, అంటే కనెక్టర్ ఉన్న పొట్టి పోగులకు (పిగ్‌టెయిళ్లకు) కరిగించి అతికించడం. వాడనివి తర్వాత చేద్దామని వదిలేస్తే, అవసరం వచ్చిన రోజు స్ప్లైసింగ్ మెషీన్ ఉన్న మనిషి కోసం వెతకాల్సి వస్తుంది.

పోగుల రంగుల వరుస ఇది: నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద, తెలుపు, ఎరుపు, నలుపు, పసుపు, ఊదా, గులాబి, నీలిపచ్చ. ట్యూబులు ఎక్కువుంటే వాటికీ ఇదే వరుస. ఆర్డర్ ఇచ్చేటప్పుడే మీకు వచ్చే కేబుల్ ఈ వరుసలో ఉందో లేదో డేటా షీటులో చూసుకోండి.

ఆర్మర్డ్ కేబుల్ తప్పనిసరా?

పైపులో వేసినా ఆర్మర్డే (స్టీలు తొడుగు ఉన్నదే) తీసుకోండి, ఎలుకలు, పందికొక్కుల కోసం. హాస్టల్ మెస్ పక్కగా పోయే దారిలో ఇది మరీ ముఖ్యం. ఆ స్టీలు తొడుగు లోహం కాబట్టి బిల్డింగులోకి వచ్చే చోట దాన్ని ఎర్త్ చేయాలి. ఈ పని చాలామంది మర్చిపోతారు. గాజులో కరెంటు పారదు సరే, తొడుగులో పారుతుంది. పిడుగుల బెడద ఎక్కువున్న చోట లోహం అసలు లేని, గాజు నారతో బలం ఇచ్చిన కేబుల్ దొరుకుతుంది, అదీ చూడొచ్చు.

బయటి నల్ల కేబుల్ తొడుగు పాలిథిలీన్, మంట అంటుకుంటుంది. దాన్ని బిల్డింగు లోపల దూరం తిప్పకుండా, లోపలికి రాగానే ముగించి, అక్కడి నుంచి పొగ తక్కువ వచ్చే ఎల్ఎస్‌జెడ్‌హెచ్ కేబుల్ వాడాలి. ఆస్పత్రులు, హాస్టళ్లలో ఇందులో రాజీ పడకండి.

ట్రెంచ్ ఎంత లోతు? ఏ పైపు?

భారత్‌నెట్ లాంటి పథకాల్లో మామూలు నేలలో 1.65 మీటర్ల లోతు పెట్టుకున్నారు, అది ఊళ్ల మీదుగా, రోడ్ల పక్కన పోయే కేబుల్ కాబట్టి. కాంపౌండ్ లోపల ఒక మీటరు ఉంటే బాగుంటుంది. బండలు తగిలి అంత లోతు రాకపోతే ఆ ముక్క వరకు జీఐ (ఇనుప) పైపు వేసి పైన కాంక్రీటు పోయాలి.

పైపు 40/33 మి.మీ. హెచ్‌డీపీఈ ప్లాస్టిక్‌ది. అంటే బయటి కొలత 40, లోపలిది 33. లోపల నునుపు పొర ఉన్న పీఎల్‌బీ రకం తీసుకుంటే కేబుల్ తేలిగ్గా జారుతుంది. ఒకటి కాదు, రెండు పైపులు వేయండి. ఒకదానిలో కేబుల్, రెండోది ఖాళీ. ఖాళీ దానిలో నైలాన్ తాడు వేసి రెండు మూతులూ ప్లగ్గులతో మూయండి. ఇరవై ఏళ్లలో మళ్లీ తవ్వకుండా మిమ్మల్ని కాపాడేది ఆ ఖాళీ పైపే.

నల్లరేగడి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. వానకు ఉబ్బుతుంది, ఎండకు పగుళ్లు తీస్తుంది. నేరుగా పూడ్చిన కేబుల్‌ను ఆ కదలిక లాగుతూ ఉంటుంది. చాంబర్ గోడలనూ పక్కకు తోస్తుంది. అందుకని పైపు కింద, పైన ఇసుక పరుపు వేసి తర్వాతే మట్టి కప్పాలి. గుంత లోంచి తీసిన పెళ్లలను అలాగే తోసేస్తే వాటి అంచులు పైపును నొక్కేస్తాయి. పైపుకు ఓ అడుగు పైన వార్నింగ్ టేపు పరచాలి. రేపు జేసీబీ బకెట్‌కు ముందుగా తగిలేది ఆ టేపే.

మలుపుల్లో ఎల్బోలు వాడొద్దు, పైపునే విశాలంగా వంచి తిప్పాలి. పవర్ కేబుల్ పక్కన పోవాల్సి వస్తే కనీసం అడుగు ఎడం ఉంచండి. ఎలక్ట్రీషియన్ రిపేరుకు తవ్వినప్పుడు మీ పైపు తెగకుండా ఉండటానికే ఈ జాగ్రత్త.

తవ్వకుండా స్తంభాల మీద లాగితే?

ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీద కేబుల్ లాగే దారి ఎంచుకుంది. త్వరగా, తక్కువ ఖర్చుతో రాష్ట్రమంతా వెళ్లడానికి అది ఉపయోగపడింది. తెలంగాణలో టీ-ఫైబర్‌ను మిషన్ భగీరథ నీటి పైపులైన్ల తవ్వకంతో కలిపి వేసేలా ప్లాన్ చేశారు. క్యాంపస్‌కు ఈ రెండోది చాలా పనికొచ్చే పద్ధతి. నీళ్ల పైపుకో, డ్రైనేజీకో ఎవరు తవ్వుతున్నా, పూడ్చక ముందే ఒక ఖాళీ హెచ్‌డీపీఈ పైపు పడేయండి. ఈ మాట మీ సివిల్ ఇంజనీర్‌కు ముందే చెప్పి ఉంచాలి.

స్తంభాల దారి తాత్కాలికానికి బాగుంటుంది. ఆసరా తీగ అక్కర్లేకుండా తన బరువు తానే మోసే ఏడీఎస్ఎస్ కేబుల్ వాడాలి. కోస్తాలో ఉన్నవాళ్లు మాత్రం 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖలో స్తంభాలను ఎలా పడగొట్టిందో గుర్తుంచుకుని నిర్ణయించుకోవాలి.

మా క్యాంపస్ మధ్య నుంచి పబ్లిక్ రోడ్డు పోతోంది. దాటించొచ్చా?

ఆ రోడ్డు ఎవరిదో వాళ్ల అనుమతి కావాలి: పంచాయతీ, మున్సిపాలిటీ, ఆర్‌అండ్‌బీ, జాతీయ రహదారుల సంస్థ, ఎవరైతే వాళ్లు. అనుమతికి పట్టే సమయాన్ని ప్లాన్‌లో ముందే పెట్టుకోండి, మిగతా పనులన్నీ దాని కోసమే ఆగుతాయి. రోడ్డు కోయకుండా కింద నుంచి అడ్డంగా డ్రిల్ చేసి పైపు దూర్చే పద్ధతికి అనుమతి తేలిగ్గా వస్తుంది. తవ్వే ముందు ఇతరుల లైన్లు దెబ్బతినకుండా సమాచారం ఇచ్చేందుకు కేంద్రం 2023 మార్చిలో ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్ తెచ్చింది, అదీ వాడండి.

హాస్టల్ దాకా సిగ్నల్ అందుతుందో లేదో ముందే ఎలా లెక్కేయాలి?

కూడికలు వస్తే చాలు. సింగిల్ మోడ్ గాజులో 1310 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న వెలుగుకు కిలోమీటరుకు సుమారు 0.35 డీబీ (డెసిబెల్, వెలుగు ఎంత తగ్గిందో చెప్పే కొలత) నష్టం. కాస్త ఎక్కువగా 0.4 అనుకుని, 840 మీటర్లకు 0.34. రెండు చివర్లా ఎల్ఐయూ బాక్సుల్లో (కేబుల్ వచ్చి ముగిసే పెట్టెల్లో) కనెక్టర్ జంట ఒక్కోటి 0.5 చొప్పున 1.0. రెండు పిగ్‌టెయిల్ స్ప్లైసులు 0.1 చొప్పున 0.2. మొత్తం సుమారు 1.5 డీబీ.

10 గిగాబిట్ ఎల్ఆర్ మాడ్యూల్ కనీసంగా పంపే పవర్ మైనస్ 8.2 డీబీఎం (వెలుగు పవర్ కొలత). అవతల మైనస్ 14.4 దాకా అందుకోగలదు. మధ్య తేడా 6.2 డీబీ. మన నష్టం 1.5 పోగా 4.7 మిగిలింది. రేపు రెండు జాయింట్లు పడినా, కనెక్టర్ కాస్త మురికిపట్టినా తట్టుకుంటుంది. ఈ లెక్క ఒక కాగితం మీద రాసి కాంట్రాక్టర్‌కు ఇవ్వండి. పని పూర్తయ్యాక కొలత దీనికి దగ్గరగా రావాలి. 4 డీబీ వచ్చినా లింకు వెలుగుతుంది, అందుకే వెలిగింది కదా అని సంతకం పెట్టేస్తారు. ఆ అదనపు రెండున్నర డీబీ ఎక్కడ పోతోందో తేలేదాకా సంతకం పెట్టకండి.

ఎస్ఎఫ్‌పిలు కొనేటప్పుడు ఏం చూడాలి?

మీ స్విచ్ ఆ మాడ్యూల్‌ను ఒప్పుకుంటుందా అన్నది మొదటిది. కొన్ని కంపెనీల స్విచ్‌లు వేరే కోడింగ్ ఉన్న మాడ్యూల్ పెడితే పోర్టు లేపవు. బైడై అయితే జతగా కొనాలి: ఒకవైపు 1270 పంపి 1330 అందుకుంటే, అవతలిది దానికి తిరగేసి ఉండాలి. రెండు చివర్లా ఒకే రకం పెడితే పనిచేయదు. ఎక్కువ దూరానిది అయితే మంచిదేలే అని 80 కిలోమీటర్ల మాడ్యూల్‌ను 700 మీటర్లకు పెట్టొద్దు, ఆ వెలుతురుకు అవతలి రిసీవర్ పాడైపోవచ్చు.

కనెక్టర్ రంగు కూడా చూడండి. నీలం యూపీసీ, ఆకుపచ్చ ఏపీసీ. ఏపీసీ ముఖం 8 డిగ్రీల వాలుగా కోసి ఉంటుంది. రెండింటినీ కలిపితే మధ్యలో ఖాళీ ఏర్పడి నష్టం పెరుగుతుంది, ముఖాలూ గీసుకుపోతాయి. స్విచ్‌ల వైపు వాడేది యూపీసీ.

కేబుల్ లాగే రోజు మేం దగ్గరుండాలా?

ఉండాలి, ముఖ్యంగా లాగడం మొదలైనప్పుడు. తాడు కట్టేది కేబుల్ లోపల బలం కోసం పెట్టిన భాగానికి, పై తొడుగుకు కాదు. కేబుల్ లావు 12 మి.మీ. అయితే లాగేటప్పుడు వంపు వ్యాసార్ధం దానికి ఇరవై రెట్లు, అంటే 24 సెం.మీ. కంటే తగ్గకూడదు. బిగించాక పది రెట్లు, 12 సెం.మీ. చాంబర్‌లో లూపును అరచేతి సైజుకు చుట్టేసి టైతో గట్టిగా బిగించడం చూస్తే వెంటనే విప్పించండి.

కేబుల్ మీద మీటరు మీటరుకూ అంకె అచ్చేసి ఉంటుంది. సర్వర్ గది చివర ఎంతుంది, ప్రతి చాంబర్ దగ్గర ఎంతుంది, హాస్టల్ చివర ఎంతుంది, అక్కడికక్కడే ఫోన్‌తో ఫొటో తీసి రాసుకోండి. ఈ చిన్న పని విలువ కింద చివరి ప్రశ్నలో చూస్తారు.

రాక్ దగ్గర ఏమేం ఉండాలి?

ఎల్ఐయూ, స్విచ్, వాటి మధ్య ప్యాచ్ కార్డులు, యూపీఎస్, ఎర్తింగ్. హాస్టల్‌లో రాక్‌ను బాత్రూమ్ గోడకు ఆనించి పెట్టొద్దు, మెట్ల కింద దుమ్ములోనూ వద్దు. తాళం ఉండాలి. ఎల్ఐయూ తలుపు లోపలి వైపు ఏ కోర్ ఎక్కడికి పోతుందో అచ్చేసిన కాగితం అతికించండి.

అంతా సరిగ్గానే ఉన్నా లింకు వచ్చి పోతోంది. ఎందుకు?

ముందు కనెక్టర్ తుడవండి. సింగిల్ మోడ్‌లో వెలుగు ప్రయాణించే నడిమి భాగం 9 మైక్రాన్లే, తల వెంట్రుక దానికంటే ఎన్నో రెట్లు లావు. కంటికి కనపడని దుమ్ము రేణువు అక్కడ కూర్చుంటే చాలు. క్లిక్ అనే పెన్ను లాంటి క్లీనర్ దొరుకుతుంది. దాని మూతిని కనెక్టర్‌కు ఆనించి నొక్కితే లోపలి శుభ్రమైన దారం తిరిగి ముఖాన్ని తుడుస్తుంది. లాల్చీ అంచుతోనో, నోటితో ఊదో శుభ్రం చేస్తే తేమ, నూనె అంటి ఇంకా పాడవుతుంది. కొత్త ప్యాచ్ కార్డునూ ప్యాకెట్ విప్పగానే తుడిచే పెట్టాలి, మూత లోపల దుమ్ము ఉంటుంది.

తుడిచాక స్విచ్‌లోకి లాగిన్ అయి మాడ్యూల్ అందుకుంటున్న పవర్ చూడండి. చాలా మాడ్యూళ్లు ఆ అంకె చూపిస్తాయి. పోగు చివరలోకి మాత్రం కన్ను పెట్టి చూడొద్దు. అందులో వెలుగు ఇన్‌ఫ్రారెడ్, కనపడదు కానీ కంటికి ప్రమాదం.

పని పూర్తయ్యాక ఏ టెస్టు రిపోర్టులు అడగాలి?

రెండు. వెలుగు మూలం, పవర్ మీటరుతో ప్రతి కోర్‌కూ మొత్తం నష్టం ఎంతో ఒకటి. పోగులోకి వెలుగు పంపి తిరిగొచ్చేది కొలిచే ఓటీడీఆర్ పరికరంతో దారి పొడవునా ఎక్కడ ఎంత పోతోందో ఇంకొకటి. ఓటీడీఆర్ కొలత 1310, 1550 రెండింటిలోనూ, రెండు చివర్ల నుంచీ కావాలి. 1310లో బాగుండి 1550లో ఎక్కువ నష్టం కనిపిస్తే ఎక్కడో కేబుల్ అతిగా వంగిందని అర్థం. మొదటి కనెక్టర్ కూడా కొలతలోకి రావాలంటే లాంచ్ కేబుల్ (ముందు తగిలించే అదనపు పోగు) పెట్టి తీయాలి. రిపోర్టులు కాగితం మీదే కాదు, అసలు ఫైళ్లుగా తీసుకోండి. చివరి విడత బిల్లు ఆ తర్వాతే.

రెండో దారి అవసరమా?

ఆస్పత్రికి తప్పనిసరి. కాలేజీకి డబ్బుంటే మంచిది. అయితే ఒకే ట్రెంచ్‌లో రెండు కేబుళ్లు వేస్తే అది రెండో దారి కాదు, జేసీబీ ఒక్క దెబ్బకు రెండూ తెంపేస్తుంది. మెయిన్ బ్లాకు నుంచి హాస్టల్‌కు ఒకవైపు, హాస్టల్ నుంచి లైబ్రరీ మీదుగా వెనక్కి ఇంకోవైపు పోతేనే రింగ్.

హాస్టల్ గదులన్నింటికీ జీపాన్ వేయొచ్చా?

వేయొచ్చు. ఒక పోగును స్ప్లిటర్‌తో 32 గదులకు పంచే పద్ధతి అది, అంతస్తుల్లో స్విచ్‌లూ, వాటికి కరెంటూ అక్కర్లేదు. 1:32 స్ప్లిటర్ ఒక్కటే సుమారు 17 డీబీ తింటుంది కాబట్టి లెక్క వేరుగా వేయాలి. పోగులు మాత్రం అదే సింగిల్ మోడ్. 24 కోర్ వేయమనడానికి ఇదీ ఒక కారణం.

కేబుల్ తెగితే ఎలా వెతకాలి?

సర్వర్ గది నుంచి ఓటీడీఆర్ పెడితే 412 మీటర్ల దగ్గర తెగిందని చూపించిందనుకుందాం. అది గాజు పొడవు. నేల మీద దూరం కాదు, లూపులూ అందులోనే ఉన్నాయి. సర్వర్ గది చివర కేబుల్ మీద అంకె 0020 అని రాసుకున్నారు కాబట్టి, తెగింది 0432 దగ్గర. మీ ఫొటోల్లో మూడో చాంబర్ నుంచి కేబుల్ బయటికి పోయేచోట 0385, నాలుగో చాంబర్‌లోకి వచ్చేచోట 0487 ఉన్నాయి. అంటే ఆ రెండు చాంబర్ల మధ్య, మూడో దాని నుంచి నలభై ఏడు మీటర్ల అవతల. గాజు పొడవుకు, తొడుగు మీది అంకెకు కొద్దిపాటి తేడా ఉంటుంది, అటూ ఇటూ రెండు మూడు మీటర్లు చూసుకోండి. అదే రకం కేబుల్ ఓ యాభై మీటర్లు, అతుకును కాపాడే ఒక జాయింట్ క్లోజర్ స్టోర్‌లో ఉంచుకుంటే, స్ప్లైసింగ్ మనిషి వచ్చేసరికి గుంత తీసి సిద్ధంగా ఉండొచ్చు.